కళ్ళజోడా? కట్టిన కోటా?

ముందుగా ఒక ప్రశ్న. తడుముకోకుండా జవాబు చెప్పాలి సుమా!

మాహిష్మతిని చూడ్డానికి మీకు రెండు దార్లున్నాయనుకోండి. ఒకటి – మీ పేటలో ఉన్న ఏదో ఒక షాపింగ్ మాల్‌కి వెళ్ళి, పై అంతస్తులో కుర్చీలో కూర్చుని, మొహానికి ఓ డబ్బా తగిలించుకోవడం. అయిదు నిమిషాల్లో కోట, ఏనుగులు, సైన్యం అన్నీ మీ చుట్టూ తిరిగేస్తాయి. రెండోది – ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సెక్కి, విజయవాడ రోడ్డు పట్టుకుని, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి, రామోజీ ఫిల్మ్ సిటీలో దిగి, ఎండలో చెమటలు కక్కుకుంటూ నడిచి, 'బాహుబలి' కోసం కట్టిన సెట్టు కింద నిలబడి, మెడ వెనక్కి వంచి పైకి చూడటం.

ఏది కావాలి?

"డబ్బులు మీరిస్తే రెండూ కావాలి" అనే గడుసువాళ్ళు మన పాఠకుల్లో చాలామందే ఉన్నారని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే ఇది ఒక ఆదివారం సరదాతో పోయే ప్రశ్న కాదు. ప్రపంచంలో ఉన్న పెద్ద పెద్ద వినోదాల పార్కులన్నీ పదేళ్ళుగా ఇదే ప్రశ్న పట్టుకుని జుట్టు పీక్కుంటున్నాయి. పాత రైడు ముసలిదైంది. జనానికి మొహం మొత్తింది. దాని స్థానంలో ఏం పెట్టాలి? లక్షలు పోసి కొత్త సెట్టు కట్టాలా? లేక ఉన్న బండిలోనే కూర్చోబెట్టి కళ్ళకి వర్చువల్ రియాలిటీ గంతలు కట్టాలా?

గంతలు అన్నానని కోప్పడకండి. వాటికి గంతలని పేరు ఎందుకు పెట్టానో చెప్పడానికే ఈ వ్యాసం.

మన తూర్పు దిక్కు మహిమ

హైదరాబాదులో సినిమా అంటే కృష్ణానగర్, ఫిలింనగర్ అని పడమటి దిక్కువాళ్ళు గొప్పలు పోతారు. పోనివ్వండి! కథలు అక్కడ తయారైతే కావచ్చు. కోటలు మాత్రం మన దిక్కునే లేచాయి. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైంది. 1,666 ఎకరాల స్టూడియో, ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని రూపురేఖలు దిద్దిన నితీష్ రాయ్ స్వయంగా సినిమా కళాదర్శకుడు. అంటే అది పార్కు తెలిసినవాళ్ళు కట్టిన స్టూడియో కాదు. సెట్టు తెలిసినవాళ్ళు కట్టిన పార్కు.

ఇక దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు నేను చెప్పాలా? కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, సందుకో మెస్సు. కోణార్క్, వెంకటాద్రి అంటే సినిమాహాళ్ళ పేర్లు మాత్రమే కావు, అడ్రసు చెప్పడానికి గుర్తులు. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి పుస్తకాల పెట్టె పట్టుకుని దిగిన కుర్రకారుకి సిటీలో మొదటి మకాం ఇదే. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చాక తిరగడం సులువైంది గానీ, జేబులో డబ్బులు మాత్రం పెరగలేదు! పరీక్షలైపోయాక రూములో నలుగురూ చందాలేసుకుని ఏడాదికి ఒక్కసారి పెద్ద షికారు వెళ్తారు. రామోజీ ఫిల్మ్ సిటీ కావచ్చు, 2016లో రావిర్యాల దగ్గర పెట్టిన వండర్‌లా కావచ్చు. ఆ ఒక్క రోజులో వాళ్ళకి దొరికేదేమిటన్నదే నా ప్రశ్న. పార్కువాడి లాభనష్టాలు తర్వాత.

కళ్ళు మూసుకోండ్రి సార్!

ఈమధ్య మా అక్క కూతుర్ని తీసుకుని మా దిక్కునే ఓ మాల్‌కి వెళ్ళాను. ఇంటర్ చదువుతోంది. వర్చువల్ రియాలిటీ కుర్చీ కనబడగానే "మామయ్యా, ఒక్కసారి!" అంది. సరేనన్నాను. నేనూ పక్క కుర్చీలో కూర్చున్నాను. స్టాలు కుర్రాడు మా ఇద్దరి మొహాలకీ డబ్బాలు బిగించాడు. లోపల ముందు కూర్చున్నవాళ్ళ చెమట ఇంకా ఆరలేదు. ఆట మొదలుపెట్టబోతూ ధైర్యం చెప్పాడు:

"కడుపుల తిప్పినట్టయితే కండ్లు మూసుకోండ్రి సార్, ఏం కాదు."

ఎంత చక్కటి సలహా! చూడ్డానికి టిక్కెట్టు తీసుకుని, చూడలేకపోతే కళ్ళు మూసుకోమనే వినోదం ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుండాలి.

అలాగని బాగాలేదని అనను. కొండ అంచున రైలుపట్టా విరిగిపోయి బండి గాల్లోకి లేచినప్పుడు నిజంగానే నా గుండె జారింది. పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాపాను. చూస్తే నాకు చెయ్యే లేదు! ఆ బొమ్మలో నేను లేను, పిల్లా లేదు. తను కేకలు వెయ్యడం వినబడుతోంది గానీ ఎక్కడుందో తెలియదు. డబ్బా తీశాక ఇద్దరం కళ్ళు నులుముకుంటూ ఒకరినొకరం వెతుక్కున్నాం. తను చూసిన లోయ వేరు, నేను చూసిన ఆకాశం వేరు. నేను ఎడమకి చూస్తున్నప్పుడు తను కుడికి చూసిందట. పక్కపక్కన కూర్చుని కూడా చెరో ఊరు వెళ్ళొచ్చామన్నమాట.

ఈ కడుపులో తిప్పడానికి కారణం ఉంది. మన చెవి లోపల తూకం చూసే అవయవం ఒకటుంది. ఒళ్ళు కదిలిందో లేదో మెదడుకి అదే చెబుతుంది. కన్నేమో "పడిపోతున్నాం బాబోయ్" అంటుంది, చెవేమో "కుర్చీలోనే ఉన్నాం, ఊరుకో" అంటుంది. సాక్షులిద్దరూ చెరో మాట చెబితే మెజిస్ట్రేటుకి తలనొప్పి రాదూ? మెదడుకీ అంతే. పైగా మనం తల తిప్పిన క్షణంలో బొమ్మ కూడా తిరగాలి. సెకనులో యాభయ్యో వంతు కంటే ఆలస్యమైతే తంటా మొదలవుతుంది.

ముసలి రైలుకి కొత్త కళ్ళజోడు

ఇక్కడే జర్మనీవాళ్ళకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కుర్చీ కదలకపోవడం వల్ల కదా ఈ గొడవ! మరి నిజంగా కదిలే రోలర్‌కోస్టర్ మీద కూర్చోబెట్టి కళ్ళకి ఈ డబ్బా పెడితే? కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి కదా!

థామస్ వాగ్నర్ అనే ప్రొఫెసరు, మాక్ అనే రైడ్ల కంపెనీ కలిసి ఈ ప్రయోగం చేశారు. యూరోపా పార్కులో ఆల్పెన్‌ఎక్స్‌ప్రెస్ అని 1984 నాటి కోస్టర్ ఉంది. 2015లో దాని ప్రయాణికులకి కళ్ళజోళ్ళు ఇచ్చారు. బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే పెట్టె ఒకటి అమర్చారు. బండి మలుపు తిరిగినప్పుడే బొమ్మలో మలుపు, బండి దిగినప్పుడే బొమ్మలో లోయ. ముప్పయ్యేళ్ళు దాటిన ముసలి రైలు ఒక్కరోజులో పడుచుదైపోయింది! పట్టా మార్చనక్కర్లేదు, స్తంభం మార్చనక్కర్లేదు.

ఇంకేముంది, అందరూ ఎగబడ్డారు. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ మాజిక్ మౌంటెన్‌లో 'రివల్యూషన్' అని 1976లో పెట్టిన కోస్టర్ ఉంది. నిలువు చక్రంలా గుండ్రంగా తిరిగే ఆధునిక కోస్టర్లలో మొదటిది. సినిమా ప్రియులకి ఇంకో గుర్తు: 1977లో వచ్చిన 'రోలర్‌కోస్టర్' అనే హాలీవుడ్ సినిమాలో కనిపించింది అదే. 2016లో దానికీ కళ్ళజోడు పెట్టారు. అదే ఏడాది ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్‌వాళ్ళు 2002 నాటి 'ఎయిర్' అనే రైడుకి 'గెలాక్టికా' అని కొత్త పేరు పెట్టి, ప్రయాణికులకి అంతరిక్షం చూపించారు.

మరి ఏమైంది? కొన్నేళ్ళు తిరక్కుండానే గెలాక్టికాలో కళ్ళజోళ్ళు తీసేశారు. రివల్యూషన్ ముచ్చటా ఎంతోకాలం నిలవలేదు. రైలు మిగిలింది, జోడు పోయింది! అన్నిటికంటే విచిత్రం లండన్ దగ్గర థోర్ప్ పార్కులోది. 2016లో అక్కడ దెయ్యాల రైలు పెట్టారు. పాతకాలపు రైలుపెట్టె, దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. తీరా లోపల కూర్చున్నాక అందరి మొహాలకీ డబ్బాలు తగిలించేవాళ్ళు. 2023లో ఆ డబ్బాలు తీసి పారేసి, మనుషుల్నే నటులుగా పెట్టి కొత్తగా తెరిచారు. ఏడేళ్ళ తర్వాత తెలిసొచ్చిందేమిటయ్యా అంటే, చీకట్లో నిజం మనిషి పక్కకొచ్చి నిలబడితే పుట్టే భయం ముందు ఏ బొమ్మా చాలదని!

నాంపల్లి నుమాయిష్‌కి వచ్చే మౌత్ కా కువాని ఒక్కసారి తలుచుకోండి. చెక్కలబావి గోడల మీద మోటారుసైకిలు గిర్రున తిరుగుతుంటే, మనం పట్టుకున్న కటకటా కూడా వణుకుతుంది. పెట్రోలు వాసన ముక్కులకి కొడుతుంది. చూస్తున్నవాడి అరచేతికి కూడా ఆ సాహసం తెలుస్తుంది.

క్యూలో లెక్క

"ఇంత బాగున్నదాన్ని ఎందుకు తీసేశారు?" అని మీకు అనుమానం రావచ్చు. సినిమావాళ్ళకి బాక్సాఫీసు ఎలాగో పార్కువాళ్ళకి క్యూ అలాగ. ఓ చిన్న లెక్క వేద్దాం. బండికి 24 సీట్లు, రెండు నిమిషాలకో ట్రిప్పు అనుకోండి. గంటకి 30 ట్రిప్పులు, 720 మంది. ఇప్పుడు కళ్ళజోడు వచ్చింది. తుడవాలి, తగిలించాలి, బెల్టు బిగించాలి. "అన్నా, నాకు మసగ్గా ఉంది" అనేవాడికి సరిచెయ్యాలి. అద్దాలు పెట్టుకున్నవాడితో ఇంకో తంటా. ట్రిప్పుకి నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి. గంటకి 360 మందే! ఆదివారంనాడు 1,440 మంది క్యూలో ఉంటే, రెండు గంటల్లో అయ్యే పని నాలుగు గంటలు. సంవత్సరానికి ఒక్కరోజు వచ్చిన మన హాస్టల్ కుర్రాడు ఆ రోజులో సగం రెయిలింగ్ పట్టుకుని నిలబడే గడపాలి. అది వాడికి నష్టం కాదూ?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కోస్టర్ మీద మనకి గుండె ఆగిపోయేదెప్పుడు? కింద నేల కనబడుతుంది. మన చెప్పులు గాల్లో వేలాడుతుంటాయి. పక్కవాడు కళ్ళు మూసుకుని దేవుళ్ళందర్నీ పిలుస్తుంటాడు. వండర్‌లాలో 'రికాయిల్' ఎక్కి చూడండి. ముందుకెళ్ళిన బండి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి రావడంలోనే ఉంది మజా. ఆ క్షణంలో స్నేహితుడి మొహం చూడకుండా కళ్ళకి గంతలు కట్టుకోవడమంటే, పెళ్ళికి వెళ్ళి భోజనం మానేసి రావడమే.

కాంగ్ నోట్లో అరటిపళ్ళ వాసన

ఇక పాత రైడు పోయి కొత్త రైడు వచ్చిన కథలు రెండు చెబుతాను. రెండూ సినిమా కథలే.

హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో 1986లో కింగ్‌కాంగ్‌ని పెట్టారు. ముప్పయి అడుగుల యంత్రపు కోతి. టూరిస్టుల బండి వంతెన మీదికి రాగానే మొహం మీదికి వంగి అరిచేది. దాని ఊపిరి అరటిపళ్ళ వాసన వేసేది! 2008 జూన్ 1న స్టూడియోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి కాంగ్ కాలిపోయింది. దాని స్థానంలో 2010లో పీటర్ జాక్సన్ సాయంతో త్రీడీ తెరలు పెట్టారు. బండికి రెండు పక్కలా తెరలు, కళ్ళకి అద్దాలు, బండి కింద ఊపే యంత్రాలు. తెర మీది కాంగ్ దూకుతుంది, డైనోసార్లతో కుస్తీ పడుతుంది. పాత కాంగ్ పాపం నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. అయినా జనం పాతదాన్నే తలుచుకున్నారు. ఎందుకంటే అది అక్కడ *ఉంది*.

ఆ పాఠం యూనివర్సల్‌వాళ్ళు నేర్చుకున్నారనే అనుకోవాలి. 2016లో ఫ్లోరిడాలో మళ్ళీ కాంగ్ రైడు కట్టినప్పుడు తెరలు పెట్టారు గానీ, చివర్లో మాత్రం బండి పక్కనే ఊపిరి పీల్చే నిజం బొమ్మని, కొండంత కాంగ్‌ని, నిలబెట్టారు. తెర మీద ఎంత పరుగెత్తించినా ముగింపు మాత్రం బొమ్మతోనే!

రెండో కథ. అదే ఫ్లోరిడాలో 'జాస్' రైడుండేది. 1990 నాటిది. పడవలో వెళ్తుంటే సొరచేప పైకి లేచేది. 2012 జనవరిలో దాన్ని మూసేశారు. మరి దాని స్థానంలో ఏం పెట్టారు? 2014లో హారీ పోటర్ కథలోని వీధి మొత్తం కట్టేశారు! దుకాణాలు, బ్యాంకు, ఆ బ్యాంకు మీద నిప్పులు కక్కే డ్రాగన్. బ్యాంకు లోపలి రైడులో తెరలు బోలెడున్నాయి. కానీ వీధి మాత్రం ఇటుకా సున్నంలాగా చేతికి తగులుతుంది. రైడు ఎక్కనివాళ్ళు కూడా ఆ వీధిలో గంటలు గంటలు తిరుగుతారు. ఎక్కనివాడికి కూడా ఆనందం దొరికేది కట్టిన చోటే. కళ్ళజోడు పెట్టుకోనివాడికి మాత్రం కళ్ళజోడు రైడులో ఏముంది? వరసగా కూర్చుని నోళ్ళు తెరిచిన మనుషులు కనబడతారు, అంతే.

మనవాళ్ళకి తెలియని విద్యా ఇది?

పార్కుల భాషలో దీన్నంతా థీమింగ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే సెట్టు వెయ్యడం! ఆ విద్యలో మనకి పాఠాలు చెప్పేవాళ్ళెవరు?

1957 నాటి 'మాయాబజార్' తీసుకోండి. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లే కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళ. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరొస్తుంటే ఈనాటికీ పిల్లలు కేరింతలు కొడతారు. అదంతా కెమెరా ట్రిక్కే. కానీ లడ్డు నిజం, పళ్ళెం నిజం, రంగారావు గారు కూర్చున్న తీరు నిజం. మాయ పని చేసింది ఆ నిజాల ఆసరాతోనే.

కళ్ళజోడు ముచ్చటా మనకి కొత్త కాదు. 1984లో 'మై డియర్ కుట్టిచాత్తన్' వచ్చింది, మన దేశంలో మొట్టమొదటి త్రీడీ చిత్రం. తెలుగులో 'చిన్నారి చేతన'. తెర మీంచి వస్తువులు ముందుకొస్తుంటే హాల్లో పిల్లలంతా చేతులు చాచినవాళ్ళే! కానీ అందులో పిల్లలు గోడల మీదా కప్పు మీదా నడిచే దృశ్యం గుర్తుందా? అది కళ్ళజోడు చేసిన మాయ కాదు. గదినే గిర్రున తిరిగేలా ఇనుముతో కట్టి, దాన్ని తిప్పారు! ఆ చిత్ర నిర్మాత నవోదయ అప్పచ్చన్. కళ్ళజోడుతో దేశాన్ని ఊపేసిన ఆ మనిషే 1990లలో చెన్నై శివార్లలో తాంబరం దగ్గర 'కిష్కింత' పార్కు పెట్టాడు. నీళ్ళు, చక్రాలు, ఊయలలు, అన్నీ ఒంటికి తగిలేవే.

2003లో 'ఒక్కడు' కోసం కళాదర్శకుడు అశోక్ ఏకంగా చార్మినార్‌నే కట్టేశాడు. సొంత ఊళ్ళో నిజం చార్మినార్ ఉండగా! 2009లో 'అరుంధతి' వచ్చాక బనగానపల్లె నవాబు గారి బంగళాకి 'అరుంధతి కోట' అని పేరు పడిపోయింది. జనం ఇప్పటికీ అక్కడిదాకా వెళ్ళి గోడ పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటారు. సినిమాలో చూసింది చాలదా? చాలదు! అక్కడ నిలబడాలి, గోడ మీద చెయ్యి వెయ్యాలి. మనిషి జాతకమే అంత.

ఇక 'బాహుబలి' సంగతి. 2017లో రెండో భాగం వచ్చిన ఏడాదే, 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' పేరుతో వర్చువల్ రియాలిటీ చిత్రాన్ని న్యూయార్కులో ట్రైబెకా ఉత్సవంలో చూపించారు. ఆర్కా మీడియా నిర్మాణం, ఏ.ఎం.డి. అనే పెద్ద కంప్యూటర్ కంపెనీ తోడు. టెక్నిక్‌లో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరని నిరూపించారు. అదే ఏడాది సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్టుని రామోజీ ఫిల్మ్ సిటీలో సందర్శకులకి తెరిచారు. ఇప్పుడు మీ స్నేహితుల్లో ఎంతమంది ఆ వర్చువల్ కత్తిని చూశారో లెక్కపెట్టండి. ఎంతమంది ఆ సెట్టు ముందు కండలు చూపిస్తూ ఫోటో దిగారో కూడా లెక్కపెట్టండి. నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ సెట్టు ముందు నిలబడితే ఒక రహస్యం తెలుస్తుంది. తెర మీద కనిపించిన మాహిష్మతి అంత ఎత్తు అక్కడ లేదు! నటులు నడిచే మెట్లు, ఆనుకునే స్తంభాలు, తోసే తలుపులు, ఇవన్నీ కట్టారు. ఆపైన ఆకాశాన్నంటే గోపురాలు, దూరపు కొండలు, జలపాతాలు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో చేర్చారు. అంటే చేతికి అందేది కట్టారు, కంటికి మాత్రమే అందేది చూపించారు.

నా దృష్టిలో పార్కుల తగాదాకి తీర్పు ఇదే. వర్చువల్ కళ్ళజోడు ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. దూరపు కొండని దగ్గరికి తెస్తుంది, నిజమే. కానీ దగ్గరున్న మన చేతినీ, పక్కనున్న స్నేహితుడినీ మాయం చేస్తుంది. అందుకే గంతలన్నాను.

అవతలి పక్షం మాట

న్యాయంగా మాట్లాడాలంటే అవతలి పక్షం మాట కూడా వినాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో గజం స్థలం ధరకి రోలర్‌కోస్టర్ ఎవరు కడతారు? అక్కడ ఓ గదిలో నాలుగు కుర్చీలు వేసి నలుగురికి చంద్రమండలం చూపిస్తే తప్పేముంది? కాళ్ళు సరిగా లేనివాళ్ళు, గుండె జబ్బులవాళ్ళు నిజం కోస్టర్ ఎక్కలేరు. వాళ్ళకి ఏ కొండ అంచునో నెమ్మదిగా చూపించే బొమ్మ వరమే. బొమ్మని ఏడాదికోసారి మార్చవచ్చు, కోటని మార్చలేం. ఇవన్నీ ఒప్పుకోవలసినవే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పాడుబడ్డ సెట్టు కంటే దరిద్రం ఇంకోటి లేదు. రంగు వెలిసిపోయి, తోక విరిగిపోయి, నోట్లో ఐస్‌క్రీము కప్పులు కుక్కిన ఫైబర్ డైనోసార్లని మనం ఎన్ని పార్కుల్లో చూడలేదు! దాన్ని చూసి భయపడేది పిల్లలు కాదు, వాళ్ళకి ఇంజెక్షన్ వేయించవలసి వస్తుందేమోనని తల్లిదండ్రులు. కట్టినవాడు కాపాడుకోవాలి కూడా.

అయితే ఒక్క మాట. బొమ్మ విరిగితే అతికించే మనిషి మన ఊళ్ళో ఉన్నాడు. అచ్చులు పోసేవాళ్ళు, వడ్రంగులు, పెయింటర్లు, వీళ్ళంతా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పాలరాయిని, థర్మకోల్‌తో కొండని పుట్టించగల ఘనులు. సినిమా సెట్లు తగ్గి గ్రాఫిక్స్ పెరిగితే వాళ్ళకి పని తగ్గుతుంది. ఒక పాత రైడుని కొత్తగా అలంకరిస్తే ఆ చేతులకి నెలల తరబడి అన్నం దొరుకుతుంది. కళ్ళజోడు చెడిపోతే మాత్రం కంపెనీకి పంపాలి. రెండేళ్ళు తిరక్కుండా "ఈ మోడలు ఇప్పుడు రావడం లేదండీ" అంటారు.

అద్దానికి ముసలితనం లేదు. 1862లో లండన్‌లో జాన్ పెప్పర్ అనే ఆయన స్టేజీ మీద ఏటవాలుగా పెద్ద గాజుపలక నిలబెట్టి, కనబడని గుంటలో నిలబడ్డ మనిషి మీద దీపం వేసి, గాల్లో దెయ్యాన్ని చూపించాడు. 1969లో అమెరికాలో డిస్నీలాండ్‌వాళ్ళు తమ దెయ్యాల బంగళాలో అదే ఉపాయం వాడారు. గాజుపలకా, దీపమూ, చీకటీ – ఇంతే సరంజామా. ఆ బంగళాలో నాట్యమాడే దెయ్యాలు ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. నూట అరవై ఏళ్ళు దాటిన ట్రిక్కు!

మరి ముసలి రైడుని ఏం చెయ్యాలి?

రామోజీ ఫిల్మ్ సిటీకి దాదాపు ముప్పయ్యేళ్ళొచ్చాయి. దాని తర్వాత పుట్టిన చిన్నాచితకా పార్కులకీ వయసు మీద పడుతోంది. ఇవ్వాళో రేపో ఈ ప్రశ్న అందరి గుమ్మంలోకీ వస్తుంది. నన్నడిగితే వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. ఆ ఫిల్మ్ సిటీలోనే 'మూవీ మ్యాజిక్' అని ఉంది. అక్కడ ప్రేక్షకుల్లోంచి ఒక అమ్మాయిని స్టేజీ మీదికి పిలిచి, టాంగా ఎక్కించి, 'షోలే'లో బసంతిలాగా కొరడా ఝళిపించమంటారు. బండి ఉన్నచోటే ఊగుతుంది. ఇంకొందరు ప్రేక్షకులు గుర్రపు డెక్కల చప్పుడు చేస్తారు. అన్నీ కలిపి తెర మీద వేస్తే, ఆ అమ్మాయి నిజంగానే గూండాల్ని తప్పించుకుని పారిపోతూ కనిపిస్తుంది! హాలంతా చప్పట్లు.

చూశారా? టాంగా నిజం, కొరడా నిజం, అమ్మాయి నిజం. వెనకాల దారి మాత్రమే బొమ్మ. ఒక్కళ్ళు ఆడితే వందమంది నవ్వుకున్నారు. ఎవరి కళ్ళకీ గంతలు లేవు.

కాబట్టి పార్కుల యజమానులకి నా మనవి. ముసలి బండి చక్రాలు మార్చండి. అది వెళ్ళే సొరంగానికి కొత్త కథ ఇవ్వండి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో గోడ కట్టండి, తడి తగలనివ్వండి, వాసన రానివ్వండి. 2004 నుంచి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్‌లో జనం పళ్ళు టకటకలాడించుకుంటున్నారంటే, అది మంచు బొమ్మ చూసి కాదు, మంచు తగిలి! తెరలు కూడా పెట్టండి, కాదనను. ఆకాశానికి పెట్టండి, సముద్రానికి పెట్టండి, చేతికి అందని ప్రతిదానికీ పెట్టండి.

ఇక పాఠక మిత్రులకి నాదొక చిన్న సలహా. ఈసారి చందాలేసుకుని వెళ్ళినప్పుడు ఏ క్యూలో నిలబడాలో తేల్చుకునే ముందు, బోర్డు మీద రాసిన గొప్పలు చదవకండి. రైడు దిగి బయటికి వస్తున్నవాళ్ళని చూడండి. కళ్ళు నులుముకుంటూ ఒక్కొక్కరే వస్తున్నారా, లేక ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుంటూ, "నీ మొహం చూడాల్సింది రా!" అని పగలబడి నవ్వుతూ వస్తున్నారా?

నవ్వులు వినబడే గేటు దగ్గర నిలబడండి. మీ డబ్బులకి న్యాయం జరుగుతుంది.